మలక్‌పేట

మలక్‌పేట హైదరాబాదు నగరంలో మూసీ నదికి దక్షిణపు ఒడ్డున ఉన్న ఒక ప్రాంతము. నగరం నుండి చాదర్‌ఘాట్ వంతెన దాటి విజయవాడ వైపు వెళ్ళేవారికి మొట్టమొదట తగిలే పేట ఇదే. ఉత్తరాన మూసీ నది, పడమర అజంపుర, చంచల్‌గూడ, దక్షిణాన సైదాబాదు, తూర్పున మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్ దీనికి హద్దులు. పిన్‌కోడు 500036. పాతబస్తీలో భాగంగానే దీనిని లెక్కించటం వాడుక అయినా, 18వ శతాబ్దంలో నగరం చుట్టూ కట్టిన ప్రాకారానికి ఇది బయటనే ఉండేది. ఆ ప్రాకారపు దర్వాజాలలో నేటికి మిగిలినవి రెండే. వాటిలో ఒకటైన దబీర్‌పుర దర్వాజా మలక్‌పేటకు సమీపంలోనే ఉన్నది.

గోల్కొండ నుండి మచిలీపట్నం రేవుకు వెళ్ళే పాత బాట ఈ వైపు నుండే సాగేది. తరువాత అది హైదరాబాదు - బెజవాడ రోడ్డు అయింది, ఆ తరువాత 9వ నంబరు జాతీయ రహదారి అయింది, 2010 నుండి 65వ నంబరు జాతీయ రహదారిలో భాగమైంది. మలక్‌పేటలోని గంజి, గుర్రప్పందేల మైదానము, ఆసుపత్రులు, మెట్రో స్టేషన్లు అన్నీ ఈ దారికి అటూ ఇటూ పుట్టినవే. ఇక్కడి వారి ఇక్కట్లకు మూలము కూడా ఈ దారియే.

పేరు

గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా (పాలనాకాలం 1626-1672) కొలువులో పనిచేసిన మాలిక్ యాకూబ్ అనే సేవకుడు ఇక్కడ నివసించాడనీ, అతని ఇంటి వద్దనే అంగడి సాగేదనీ, అతని పేరు మీదనే ఈ ప్రాంతానికి మలక్‌పేట అన్న పేరు వచ్చిందనీ చెబుతారు. 

పేరులోని రెండవ భాగం అచ్చమైన తెలుగు పదము. కోట బయటనో, ఊరి బయటనో వర్తకులు, చేతిపనివారు స్థిరపడి అంగళ్ళు నడిపే చోటును పేట అంటారు. విజయవాడ దారి పొడవునా ఇటువంటి పేటలు కనిపిస్తాయి. నల్గొండ ప్రాంతము దాటగానే సూర్యాపేట, కృష్ణా తీరానికి చేరువగా జగ్గయ్యపేట. సూర్యాపేటకు పూర్వము భానుపురి అనీ, జగ్గయ్యపేటకు బేతవోలు అనీ పేర్లు ఉండేవి. అమరావతి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరున ఆ పేటను నిలిపాడు. మలక్‌పేటను ఈ వరుసలో మొదటి పేటగా చూస్తే దాని స్వభావము తేలికగా అర్థమవుతుంది. ఇది నగరం విస్తరించటం వల్ల పుట్టిన కాలనీ కాదు. దారి మీద పుట్టిన పేట వద్దకే తరువాత నగరము నడిచి వచ్చినది.

ఇక్కడి కూడళ్ళ పేర్లు కూడా దారినే చెబుతాయి. నల్గొండ చౌరస్తా అని పిలిచే కూడలి నల్గొండలో లేదు, మలక్‌పేటలో ఉంది. నల్గొండ సుమారు వంద కిలోమీటర్ల దూరాన ఉన్నా, ఆ వైపు పోయే దారి ఇక్కడ చీలుతుంది గనుక కూడలికి ఆ పేరు నిలిచింది. ఇక్కడి నుండి ఒక దారి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా విజయవాడకు, మరొకటి సైదాబాదు, చంపాపేటల మీదుగా నాగార్జునసాగరుకు పోతాయి. 

మచిలీపట్నం బాట

1591లో హైదరాబాదు నగర నిర్మాణము మొదలయ్యే నాటికే గోల్కొండ రాజ్యానికి సముద్రద్వారము మచిలీపట్నం. పర్షియా, అరేబియా, బర్మా, జావా తీరాల ఓడలు అక్కడకు వచ్చేవి. 17వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడ వర్తక స్థావరాలు ఏర్పాటు చేసుకున్నారు. కలంకారీ బట్టలు, కొల్లూరు గనుల వజ్రాలు ఎగుమతి అయ్యేవి. గుర్రాలు, సుగంధ ద్రవ్యాలు, లోహాలు దిగుమతి అయ్యేవి. రాజధానికీ రేవుకూ మధ్య రాకపోకలు ఈ తూర్పు బాట మీద ఆధారపడి ఉండేవి.

ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఈ బాట మీద ప్రయాణించి, మజిలీల వివరాలు రాసి పెట్టాడు. గోల్కొండ నుండి మచిలీపట్నానికి నేరుగా పోతే 100 కోసులు, కొల్లూరు గని మీదుగా పోతే 112 కోసులు అని అతని లెక్క. ఈ దారిలో చక్రాల బండ్లు నడవటం కష్టమనీ, సరుకంతా ఎడ్ల మీదనే సాగుతుందనీ కూడా అతడు రాశాడు. గుట్టలు, చెరువులు, వాగులు అడ్డుపడే నేల గనుక అది సహజమే. ఎడ్లమంద రోజుకు నడవగలిగే దూరాన్ని బట్టి మజిలీలు ఏర్పడ్డాయి. తావెర్నియే చెప్పిన మజిలీలలో హయత్‌నగర్ ఒకటి. అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయత్ బక్షీ బేగం అక్కడ కట్టించిన మసీదు, దాని చుట్టూ బాటసారుల కొరకు కట్టించిన సరాయి గదులు, హాథీ బావలి అనే పెద్ద దిగుడుబావి నేటికీ ఉన్నాయి. పాత మచిలీపట్నం బాట ఎలా ఉండేదో కళ్ళారా చూడాలనుకునేవారికి మలక్‌పేట కంటే హయత్‌నగర్ సరాయి మంచి సాక్ష్యము. నగరద్వారానికి మరీ దగ్గరగా ఉన్నందువల్ల మలక్‌పేటలో రాత్రి మజిలీ చేయవలసిన అవసరం ఉండేది కాదు. సరుకు దించటానికి, అమ్మటానికి, బయలుదేరే ముందు దారి బత్తెము కొనుక్కోవటానికి అనువైన చోటు ఇది.

1687లో గోల్కొండ మొగలుల వశమైన తరువాత మచిలీపట్నం వైభవము తగ్గుతూ వచ్చింది. ఐనా బాట మాత్రము మూతపడలేదు. 18వ శతాబ్దంలో దానిపై సరుకుల కంటే సైన్యాల నడక ఎక్కువైంది. 1750లో ఫ్రెంచివారు మచిలీపట్నాన్ని పట్టుకున్నారు. ఆ మరుసటి ఏడు బుస్సీ నిజాము దర్బారులో పలుకుబడి సంపాదించాడు. అతని బలానికి సముద్రం వైపు ఆధారము మచిలీపట్నమే. 1759లో కర్నల్ ఫోర్డ్ నాయకత్వంలో ఇంగ్లీషువారు ఆ కోటను పట్టుకోవటంతో ఆ ఆధారము తెగిపోయింది.

మూసా రాం

మలక్‌పేటను ఆనుకుని ఉన్న మూసారాంబాగ్ పేరు వెనుక ఒక ఫ్రెంచి సేనాని ఉన్నాడు. మిషెల్ జోషిం మారీ రేమండ్ 1755లో ఫ్రాన్సు దేశంలోని గాస్కనీ ప్రాంతంలో జన్మించాడు. భారతదేశానికి వచ్చి, కొంత కాలానికి రెండవ నిజాము నిజాం అలీ ఖాన్ కొలువులో చేరాడు. పాశ్చాత్య పద్ధతిలో శిక్షణ పొందిన పటాలాలను తయారుచేశాడు. అతని కింద పనిచేసిన సైన్యము ఒక దశలో సుమారు 14,000కు చేరినది. ఫిరంగులు, తుపాకులు పోతపోయటానికి నగరంలో అతడు పెట్టించిన కార్ఖానా వల్లనే గన్‌ఫౌండ్రీ అనే పేరు ఆ ప్రాంతానికి వచ్చింది. 1795లో మరాఠాలతో జరిగిన ఖర్దా యుద్ధంలో నిజాము ఓడిపోయినా, రేమండ్ పటాలాల మీద గౌరవము తగ్గలేదు.

స్థానికుల నోట 'మొస్యూ రేమండ్' మారిపోయింది. హిందువులు మూసా రాం అన్నారు, ముస్లిములు మూసా రహీం అన్నారు. ఒకే మనిషిని రెండు మతాలవారూ తమ పేరుతో పిలుచుకోవటం హైదరాబాదులో కూడా తరచుగా కనిపించే సంగతి కాదు. 

రేమండ్ 1798 మార్చి 25న మరణించాడు. విషప్రయోగమనీ, ఆత్మహత్య అనీ వదంతులు వ్యాపించాయి గాని ఏదీ రుజువు కాలేదు. అతని మరణానికీ బ్రిటిషువారి ఆధిపత్యానికీ మధ్య కొద్ది నెలల ఎడమే ఉంది. అదే సంవత్సరం నిజాము బ్రిటిషువారితో సైనిక సహకార ఒప్పందము కుదుర్చుకున్నాడు. గుంటూరు వైపు నుండి కంపెనీ పటాలాలు అక్టోబరులో హైదరాబాదు చేరాయి. రెసిడెంటు పనులు చూస్తున్న జేమ్స్ అచిలిస్ కిర్క్‌పాట్రిక్ ఆధ్వర్యంలో, ఆ నెలలోనే ఫ్రెంచి దళాలను చుట్టుముట్టి, పెద్దగా రక్తపాతము లేకుండానే ఆయుధాలు దింపించారు. మైసూరు మీద నాలుగవ యుద్ధానికి ముందు బ్రిటిషువారికి ఇది పెద్ద ఊరట.

గుట్ట మీద ఉన్న రేమండ్ సమాధి మిగతా యూరపు సమాధుల వలె ఉండదు. విశాలమైన అరుగు మీద సుమారు 23 అడుగుల ఎత్తున, పైకి పోను పోను సన్నబడే రాతి స్తంభము నిలిపి ఉంటుంది. దానిపై జె.ఆర్. అనే పొడి అక్షరాలు చెక్కబడినవి. శిలువ గుర్తు కనిపించదు. పక్కన స్తంభాల మండపము ఒకటి ఉన్నది. పాత మండపము 2001లో వానలకు కూలిపోగా, తరువాత తిరిగి కట్టారు. రేమండ్ వర్ధంతి నాడు స్థానికులు ఇక్కడకు వచ్చి దీపాలు వెలిగించే ఆచారము 20వ శతాబ్దపు మధ్యకాలం వరకు సాగింది. ఇప్పుడు గుట్ట చుట్టూ ఇళ్ళు కమ్ముకున్నాయి. ఒకప్పుడు మచిలీపట్నం బాట మీద వచ్చేవారికి దూరం నుండే కనిపించిన స్తంభాన్ని ఇప్పుడు సందులు వెతుక్కుంటూ వెళ్ళి చూడవలసి ఉంటుంది.

ఆస్మాన్‌గఢ్, మహబూబ్ మాన్షన్

రేమండ్ సమాధికి సమీపంలోని మరో గుట్ట మీద 1885లో సర్ ఆస్మాన్ జా ఒక రాతి భవనము కట్టించాడు. పైగా వంశానికి చెందిన ఇతడు తరువాత హైదరాబాదు రాజ్యానికి ప్రధానమంత్రి అయ్యాడు. ఆస్మాన్‌గఢ్ అనే పేరులో ఆకాశం అనే అర్థమూ ఉన్నది, కట్టించినవాని పేరూ ఉన్నది. బురుజులు, కోసైన కమానులతో యూరపు మధ్యయుగపు కోటలను తలపించే ఈ భవనంలో తరువాత కాలంలో పురావస్తు ప్రదర్శనశాల నడిచింది, ఆ తరువాత పాఠశాల వచ్చింది. దగ్గరలోని దూరదర్శన్ ప్రసార స్తంభము వల్ల ఈ చుట్టుపక్కల స్థలాన్ని నగరవాసులు 'టీవీ టవర్' అనే పిలుస్తారు. ఆటో ఎక్కి ఆస్మాన్‌గఢ్ అంటే తెలియని వారికి కూడా టీవీ టవర్ అంటే తెలుస్తుంది.

ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ (పాలనాకాలం 1869-1911) పేరుతో మలక్‌పేటలో మహబూబ్ మాన్షన్ అనే రాజభవనము వెలసింది. నిజాముకు గుర్రాలంటే మక్కువ. 1868లో మౌలాలీలో మొదలైన గుర్రప్పందేలను ఆయన 1886లో మలక్‌పేటకు మార్పించాడు. భవనం నుండే పందేలు చూసేవాడని చెబుతారు. హైదరాబాదు రేస్ క్లబ్ వారి మైదానము నేటికీ ఇక్కడే ఉన్నది. ఇరుకైన ఇళ్ళ మధ్య అంత పెద్ద పచ్చిక మైదానము మిగిలి ఉండటానికి కారణము ఈ రాజాభిరుచియే. 

మహబూబ్ మాన్షన్ కథ వేరు. రాజభవనము పాడుబడి శిథిలమైంది, దాని ఆవరణలో మాత్రము గంజి నిలిచింది.

గంజి

మలక్‌పేట గంజి హైదరాబాదుకు ఉల్లిగడ్డ సరఫరా చేసే ప్రధానమైన టోకు మార్కెట్టు. దినపత్రికలలో 'మలక్‌పేట మార్కెట్లో ఉల్లి ధర' అని వచ్చే వార్త ఈ గంజి గురించే. మహారాష్ట్ర నుండి, కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుండి ఉల్లి లారీలు ఇక్కడకు వస్తాయి. ఎండుమిర్చికి కూడా ఇది పెద్ద మార్కెట్టు. వెల్లుల్లి వ్యాపారము కూడా ఇక్కడ సాగుతుంది. అధికార పత్రాలలో దీనిని వ్యవసాయ మార్కెట్ కమిటీ అంటారు. జనం నోట మాత్రము అది గంజియే.

తెలంగాణ గంజిల పనితీరు తెలియనివారికి ఇక్కడి మాటలు కొత్తగా ఉంటాయి. రైతు తెచ్చిన సరుకును తన అరుగు మీద దింపించుకుని, అమ్మించి, కమీషను తీసుకునే వర్తకుడు అడ్తిదారు. కొనేవాడు ఖరీదుదారు. కాంటా వేసేవాడు దడవాయి. బస్తాలు మోసేవారు హమాలీలు. నేల మీద పడిన సరుకును చాటలతో ఎత్తి, చెరిగి, పోగుచేసే స్త్రీలు చాట కూలీలు. ఈ పదాలలో కొన్ని ఉర్దూ, మరాఠీల నుండి వచ్చాయి, కొన్ని తెలుగువి. అడ్తిదారులు చాలా సందర్భాలలో రైతుకు పంటకు ముందే అప్పు ఇస్తారు గనుక, అప్పు తీసుకున్న రైతు సరుకును అదే అరుగుకు తేవలసి వస్తుంది. ధర పడిపోయిన రోజున రైతు సరుకును వెనక్కి తీసుకుపోలేడు. ఉల్లి త్వరగా కుళ్ళిపోతుంది, మళ్ళీ కిరాయి భరించాలి. అందువల్లనే ఉల్లికి ధర లేదన్న వార్త, కొన్ని నెలలకే ఉల్లి ధర మండుతోందన్న వార్త, రెండూ ఈ గంజి నుండే వస్తుంటాయి. మొదటి వార్తలో నష్టపోయేది రైతు, రెండవ దానిలో నగరవాసి.

ఊరి అంచున ఉన్నప్పుడు ఇక్కడి గంజికి దారి ఒక వరము. లారీ ఊరిలోకి రానవసరము లేకుండానే సరుకు దిగేది. నగరము పెరిగి ఊరి అంచు పాతిక కిలోమీటర్ల అవతలికి పోయిన తరువాత, అదే లారీలు నగరం నడుమకు రావలసి వచ్చింది. ఇదే దారి మీద దిల్‌సుఖ్‌నగర్ దాటిన తరువాత ఉండిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టును 2021లో మూసివేసి, నగరానికి దూరంగా ఉన్న బాటసింగారానికి తరలించారు. మలక్‌పేట గంజి మాత్రము ఉన్నచోటనే కొనసాగుతున్నది.

మూసీ, వంతెనలు

మలక్‌పేట భాగ్యము నది దాటే చోటు మీద ఆధారపడి ఉన్నది. చాదర్‌ఘాట్ వద్ద 1831లో కట్టిన వంతెన, దానిని రూపొందించిన ఇంజనీరు పేర ఆలిఫెంట్ వంతెనగా పేరు పొందినది. నదికి ఉత్తరాన బ్రిటిషు రెసిడెన్సీ (నేటి కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయ భవనము), దక్షిణాన ప్రాకార నగరము, తూర్పున బెజవాడ దారి ఉండగా, ఈ మూడింటినీ కలిపినది ఈ వంతెన.

1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద హైదరాబాదు చరిత్రలో అతి పెద్ద విపత్తు. చాదర్‌ఘాట్ వంతెనతో పాటు అఫ్జల్ వంతెన, ముసల్లం జంగ్ వంతెన కూడా కొట్టుకుపోయాయి లేదా తీవ్రంగా దెబ్బతిన్నాయి. 1578 నాటి పురానాపూల్ ఒక్కటే నిలబడింది. మృతుల సంఖ్య సుమారు 15,000 అని అంచనా. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాల మేరకు మూసీ మీద ఉస్మాన్ సాగర్ (1920), ఈసీ నది మీద హిమాయత్ సాగర్ (1927) జలాశయాలు నిర్మించబడినవి. 

జలాశయాలు కట్టిన తరువాత నదిలో నీరు తగ్గింది. నీరు తగ్గిన ఒడ్డున, నేల కొనలేని పేదలు గుడిసెలు వేసుకున్నారు. మలక్‌పేట వైపు మూసానగర్, శంకర్‌నగర్ వంటి బస్తీలు అలా ఏర్పడినవే. గంజిలో, దారి పక్క దుకాణాలలో, మరమ్మతు షెడ్లలో పని దొరుకుతుంది. పనికి నడిచి పోగల దూరంలో ఉండటానికి వీరు వరద ముప్పును భరించారు. జంట జలాశయాల గేట్లు ఎత్తిన ప్రతిసారీ ఈ బస్తీలను ఖాళీ చేయించటం, చాదర్‌ఘాట్ చిన్న వంతెననూ మూసారాంబాగ్ వంతెననూ మూసివేయటం పరిపాటి. 2020 అక్టోబరు వరదలలోను, 2023 జూలైలోను ఇదే జరిగింది. 2025 సెప్టెంబరు చివరి వారంలో వచ్చిన వరదకు, నది మధ్య ద్వీపం వంటి స్థలంలో ఉన్న మహాత్మా గాంధీ బస్ స్టేషనులోకి కూడా నీరు చేరి ప్రయాణికులను తరలించవలసి వచ్చింది.

అంబర్‌పేట, మూసారాంబాగ్‌ల మధ్య ఉన్న తక్కువ ఎత్తు వంతెన స్థానంలో ఎత్తైన వంతెన నిర్మాణానికి 2023లో శంకుస్థాపన జరిగింది. 2024లో మూసీ అభివృద్ధి పథకంలో భాగంగా నదీగర్భంలోని ఇళ్ళను గుర్తించి, అక్టోబరులో శంకర్‌నగర్, మూసానగర్‌లలో కూల్చివేతలు మొదలుపెట్టారు. అక్కడి కుటుంబాలలో కొన్నింటికి సమీపంలోనే, పిల్లి గుడిసెలు అనే చోట 2021లో ప్రారంభించిన 288 రెండు పడకగదుల ఇళ్ళ సముదాయంలో వసతి కల్పించారు. ఇల్లు మారినా పని చేసే చోటు మారకపోవటం ఇక్కడ ముఖ్యమైన సంగతి. దూరపు కాలనీలకు పంపబడినవారికి ఆ వెసులుబాటు ఉండదు.

రహదారి, రైలు

నిజాము రైలుమార్గము 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు, 1886లో వరంగల్లుకు, 1889 నాటికి బెజవాడకు చేరినది. ఈ మార్గము కాజీపేట, వరంగల్లు, ఖమ్మం మీదుగా పోయినది గాని, పాత మచిలీపట్నం బాట వెంట పోలేదు. ఫలితంగా సరుకు రవాణా చాలావరకు ఉత్తరపు దారికి మళ్ళింది. అయితే దీనికే మరో ఫలితము కూడా ఉన్నది. సూర్యాపేట వంటి పెద్ద ఊరికి నేటికీ రైలుస్టేషను లేదు. చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట, కోదాడల ప్రజలకు రాజధానికి రావటానికి బస్సే దిక్కు. ఆ బస్సులన్నీ 1994లో ప్రారంభమైన మహాత్మా గాంధీ బస్ స్టేషను నుండి బయలుదేరి మలక్‌పేట మీదుగానే పోతాయి. మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్‌లలో నల్గొండ, ఖమ్మం, కృష్ణా జిల్లాల నుండి వచ్చి స్థిరపడినవారు ఎక్కువగా కనిపించటానికి ఇది ఒక కారణము. బస్సు దిగిన చోటికి దగ్గరగా గది వెతుక్కోవటం ఎవరైనా చేసే పనే.

1948 సెప్టెంబరులో భారత సైన్యము హైదరాబాదు రాజ్యంలో ప్రవేశించినపుడు, ముఖ్యదళము పడమర షోలాపూరు నుండి రాగా, మేజర్ జనరల్ రుద్ర నాయకత్వంలోని దళము తూర్పున విజయవాడ నుండి మునగాల, సూర్యాపేటల వైపు ఇదే దారిన వచ్చినది.

మలక్‌పేటకు రైలు లేకపోలేదు. కాచిగూడ నుండి మహబూబ్‌నగర్ వైపు పోయే మార్గంలో మలక్‌పేట ఒక చిన్న స్టేషను. 2003లో నగరంలో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు మొదలైన తరువాత సికింద్రాబాదు - ఫలక్‌నుమా మార్గంలో ఇది ఒక ఆగుచోటు అయినది. ఈ రైలుమార్గము విజయవాడ రోడ్డుకు అడ్డంగా పైనుండి పోతుంది. దాని కింది ఇరుకు దారి మలక్‌పేట రైలు వంతెనగా నగరమంతటా ప్రసిద్ధము. గట్టి వాన పడితే మొదట నీరు నిలిచేది ఇక్కడే. విజయవాడ వరకు వెడల్పాటి రహదారి ఉన్నా, బయలుదేరిన కొద్ది నిమిషాలకే బస్సు ఈ వంతెన కింద ఆగిపోవటం ప్రయాణికులకు అలవాటు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట - ఎల్.బి.నగర్ మెట్రో ప్రారంభమైన తరువాత ఇక్కడ మూడు అంతస్తుల రవాణా ఏర్పడింది: కింద రోడ్డు, దానిపై రైలు, అన్నిటి పైన మెట్రో. మలక్‌పేట, న్యూ మార్కెట్, మూసారాంబాగ్ అనే మూడు మెట్రో స్టేషన్లు ఈ ప్రాంతానికి ఉపయోగపడుతున్నాయి. నల్గొండ చౌరస్తా నుండి సైదాబాదు మీదుగా ఒవైసీ కూడలి వరకు సుమారు 3.4 కి.మీ. పైవంతెన నిర్మాణము 2020లో చేపట్టారు.

పాత రహదారుల మీది ఊళ్ళకు ప్రపంచమంతటా వచ్చే చిక్కు ఒకటి ఉన్నది. అమెరికాలో చికాగో నుండి లాస్ ఏంజిలిస్ వైపు పోయే 66వ నంబరు రహదారి 1926లో ఏర్పడింది. దాని వెంట వందలాది చిన్న ఊళ్ళు పెట్రోలు బంకులు, పూటకూళ్ళ ఇళ్ళ మీద బతికాయి. కొత్త అంతర్రాష్ట్ర రహదారులు ఊళ్ళను తప్పించి పోవటంతో అవి వెలవెలబోయాయి. అరిజోనాలోని సెలిగ్మన్ అనే ఊరిని 1978లో కొత్త రహదారి పక్కకు నెట్టివేసింది. 1985లో 66వ నంబరే జాబితా నుండి తొలగించబడింది. ఆ ఊరివారు 1987లో సంఘము పెట్టుకుని, పాత రహదారికి చారిత్రక గుర్తింపు తెచ్చుకుని, చూడవచ్చే యాత్రికుల మీద బతకటం నేర్చుకున్నారు.

మలక్‌పేటకు దీనికి విరుద్ధమైన చిక్కు వచ్చింది. విజయవాడ రహదారిని నాలుగు వరుసలుగా విస్తరించినపుడు (2012 నాటికి పూర్తయినది) సూర్యాపేట, కోదాడ వంటి ఊళ్ళకు పక్కదారులు వచ్చాయి. 158 కి.మీ. బాహ్య వలయ రహదారి వచ్చిన తరువాత, నగరంలో పని లేని లారీలు పెద్ద అంబర్‌పేట వద్దనే మళ్ళిపోతున్నాయి. మలక్‌పేటను మాత్రము తప్పించి పోవటానికి వీలులేదు, ఎందుకంటే అది దారి మధ్యలో లేదు, దారి మొదట్లో ఉన్నది. సంక్రాంతికి ముందు రోజులలో విజయవాడ వైపు బయలుదేరే జనమంతా ఈ వంతెన కిందుగానే కదలాలి. దారి పాడుపడక పోవటం వల్ల ఇక్కడ అంగళ్ళు నిలిచాయి. అదే కారణం వల్ల, దారిని వెడల్పు చేసిన ప్రతిసారీ పాత ముంగిళ్ళు పోయాయి. కుతుబ్‌షాహీల నాటి పేట ఆనవాలు రోడ్డు మీద ఒక్కటి కూడా కనిపించదు. పాతవి చూడాలంటే గుట్టలెక్కాలి, అంటే రేమండ్ సమాధికో ఆస్మాన్‌గఢ్‌కో పోవాలి. 

ఇతర విషయాలు

మలక్‌పేట శాసనసభ నియోజకవర్గము హైదరాబాదు లోక్‌సభ స్థానం పరిధిలో ఉన్నది. నియోజకవర్గాల పునర్విభజనకు ముందు ఇది నగర శివార్ల వరకు వ్యాపించి ఉండేది. 2009 ఎన్నికల నాటికి ఆ శివార్లు ఎల్.బి.నగర్ నియోజకవర్గంగా విడిపోయాయి. 2009 నుండి 2023 వరకు జరిగిన నాలుగు ఎన్నికలలోను మజ్లిస్ పార్టీకి చెందిన అహ్మద్ బిన్ అబ్దుల్లా బలాలా ఇక్కడి నుండి గెలుపొందాడు.

ప్రభుత్వ ప్రాంతీయ ఆసుపత్రితో పాటు నల్గొండ చౌరస్తా దగ్గర పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు ఉన్నాయి. నల్గొండ, సూర్యాపేట వైపు నుండి రోగులను తెచ్చే వాహనాలకు నగరంలో ఇవి ముందుగా తగులుతాయి. సమీపంలోని చంచల్‌గూడ కేంద్ర కారాగారము 1876లో నిర్మించబడినది. ప్రజలు తెలుగు, దక్కనీ ఉర్దూ రెండూ మాట్లాడతారు. గంజిలో బేరము ఏ భాషలో మొదలైనా మధ్యలో రెండవ దానిలోకి మారటం సర్వసాధారణము.

రేమండ్ సమాధికి మూసారాంబాగ్ మెట్రో స్టేషను నుండి, గుర్రప్పందేల మైదానానికీ గంజికీ మలక్‌పేట మెట్రో స్టేషను నుండి వెళ్ళటం సులభము. గంజిని చూడదలచినవారు ఉదయం పూట వెళ్ళాలి. అప్పుడే ఉల్లి లారీలు ఖాళీ అవుతుంటాయి.